వడగాడ్పుల హెచ్చరిక - పసుపు కల్లములలో పాటింపవలసిన జాగ్రత్తలు

మాఘమాసము దాటునప్పటికి ఆర్మూరు చుట్టుప్రక్కల ఏ గ్రామమునకు పోయినను పసుపు ఉడుకుచున్న వాసన పొలిమేరలోనే ఎదురగును. త్రవ్విన పసుపును ఉడికించుట, కల్లమున ఎండబోయుట, డ్రమ్ములలో త్రిప్పి మెరుగుపెట్టుట, బస్తాల కెత్తి మార్కెటుకు చేర్చుట - ఈ పనులు జనవరిలో మొదలై ఏప్రిల్, మే మాసముల వరకు సాగుచుండును. రైతు ఎండను కోరుకొను కాలమిది. ఎండ బాగుగా కాచిననే కొమ్ము గలగలలాడును. తేమ నూటికి పది పాళ్లకు దిగును. యార్డులో మంచి ధర పలుకును. అయితే ఏ యెండ కొమ్మును ఎండించుచున్నదో, ఆ యెండయే దానిని తిరుగబోయు మనిషిని కూడ ఎండించుచున్నది. ఈ రెండవ విషయమును గూర్చి పంచాయతీ సభ్యులకు కొన్ని సంగతులు మనవి చేయదలచినాము.

"ఎండదెబ్బ మన తాతలనాడు లేనిదా? ఇప్పుడే దానికి హెచ్చరికలు, కమిటీలు ఎందులకు?" అని అడుగువారు ప్రతి గ్రామమునను ఉందురు. ప్రశ్న సమంజసమైనదే. వేసవి మనకు క్రొత్త కాదు. నిజామాబాదు జిల్లాలో మే నెలలో వేడిమి 43, 44 డిగ్రీలకు ఎక్కుటయు క్రొత్త కాదు. కాని 2015వ సంవత్సరము మే నెలలో ఏమి జరిగెనో మరువరాదు. ఆ నెల చివరి వారములలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో కలిపి రెండువేలకు పైగా జనులు మరణించిరి. వారిలో పెక్కుమంది ఎండలో పనిచేయు కూలీలు, ఇండ్లలోనున్న వృద్ధులు. వరద వచ్చినచో ఊరంతయు చూచును. ఇల్లు కూలినచో పత్రికలలో బొమ్మ పడును. ఎండ అట్లు కాదు. అది ఒక్కొక్క యింటిలో ఒక్కొక్కరిని చప్పుడు లేకుండ తీసికొనిపోవును. మరునాడు "పెద్దవయసు, గుండె ఆగినది" అని మాత్రమే అందురు. అందువలననే దీని నష్టము చిరకాలము లెక్కకు రాలేదు.

ముందుగా తెలిసినచో ఈ మరణములను చాలవరకు ఆపవచ్చునని ఋజువైనది. గుజరాతులోని అహమ్మదాబాదు నగరమున 2010 మే నెలలో వేడిమి 46.8 డిగ్రీలకు చేరగా, ఆ నెలలో సాధారణముగా సంభవించు మరణములకన్న 1,344 మరణములు అధికముగా సంభవించెను. ఆ నగరపాలకులు 2013లో వేడిమి కార్యాచరణ ప్రణాళిక నొకదానిని సిద్ధము చేసిరి. ఇట్టి ప్రణాళిక దక్షిణ ఆసియాలో అదియే మొదటిది. అందులో అద్భుతమేమియు లేదు. హెచ్చరికను ముందుగా చాటుట, త్రాగునీరు అందుబాటులో నుంచుట, వైద్య సిబ్బందికి శిక్షణ నిచ్చుట, పనివేళలు మార్చుట, ఇంతియే. దానివలన ఏటా సగటున 1,190 మరణములు తప్పినట్లు 2018లో వెలువడిన పరిశోధన యొకటి అంచనా వేసినది. నగరమున సాధ్యమైనది గ్రామమున మరింత సులభము. అందరికి అందరు తెలిసిన చోట ఎవరి యింట ముసలితల్లి ఒంటరిగా నున్నదో వెదకవలసిన పని లేదు.

ఇక హెచ్చరిక అనగా ఏమో చూతము. భారత వాతావరణశాఖ మైదాన ప్రాంతములలో గరిష్ఠ ఉష్ణోగ్రత 40 డిగ్రీలైనను దాటి, ఆ దినమున సాధారణముగా నుండవలసినదానికన్న 4.5 డిగ్రీలు మొదలు 6.4 డిగ్రీల వరకు అధికమైనచో దానిని వడగాడ్పు అనియు, అంతకు మించినచో తీవ్రమైన వడగాడ్పు అనియు లెక్కించును. సాధారణముతో నిమిత్తము లేకుండ 45 డిగ్రీలు తాకినను వడగాడ్పే; 47 తాకినచో తీవ్రమైనదే. రాబోవు దినములకు జిల్లాలవారీగా రంగులతో సూచన లిచ్చుచుందురు. ఆకుపచ్చ యైనచో భయము లేదు. పసుపుపచ్చ యైనచో గమనించుచుండవలెను. నారింజరంగు వచ్చినచో సిద్ధపడవలెను. ఎరుపు వచ్చినచో వెంటనే పూనుకొనవలెను. పసుపు పండించు సీమలో పసుపు రంగును శుభమని తలచుట సహజము. ఈ ఒక్క విషయమున మాత్రము ఆ రంగు కనబడగానే మేలుకొనవలెను. ఈ సూచనలకు తోడు రాష్ట్ర ప్రభుత్వము మండలములలో నెలకొల్పిన స్వయంచాలక వాతావరణ కేంద్రముల అంకెలు దినదినము వెలువడుచున్నవి. పంచాయతీ కార్యదర్శి ఫోనునకు వచ్చిన సందేశము ఆ ఫోనులోనే నిలిచిపోయినచో అది హెచ్చరిక కాజాలదు.

ఇచట ఒక ముఖ్యాంశము గలదు. పత్రికలో "42 డిగ్రీలు" అని వ్రాసినప్పుడు ఆ లెక్క నీడలో, గాలి యాడు చెక్కపెట్టెలో, నేలకు నాలుగడుగుల ఎత్తున నుంచిన ఉష్ణమాపకము చూపినది. నడియెండలో సిమెంటు కల్లముపై కూర్చుండి పసుపు నేరుచున్న స్త్రీకి తగులు వేడిమి అది కాదు. ఆమెకు పైనుండి ఎండ, క్రిందనుండి కాగిన నేల, చుట్టును కాగిన కొమ్ముల సెగ. ఇంక ఉడికించు కడాయి ప్రక్కనో, ఆవిరి బాయిలరు ప్రక్కనో నిలిచినవాని సంగతి చెప్పనక్కరలేదు.

మనిషి శరీరము తనంతట తాను 37 డిగ్రీల వేడిమిని నిలుపుకొనును. మనము పనిచేయునప్పుడు కండరములు వేడిని పుట్టించును. ఆ వేడిని బయటికి పంపుటకు శరీరమునకు రెండు త్రోవలు. ఒకటి, రక్తమును చర్మమువైపు మళ్లించుట. గాలి చర్మముకన్న చల్లగా నున్నంతవరకే ఈ త్రోవ పనిచేయును. గాలియే 42 డిగ్రీలున్నచో వేడి బయటినుండి లోనికి వచ్చును. అప్పుడు మిగిలినది చెమట యొక్కటే. ఒక లీటరు చెమట చర్మముపైనుండి ఆవిరియగునప్పుడు సుమారు 580 కిలోకేలరీల వేడిని తనతో తీసికొనిపోవును. క్రొత్త కుండలో నీరు చల్లబడుటకును కారణమిదియే. కుండ చెమర్చును, ఆ చెమట గాలికి ఆరును, లోని నీరు చల్లబడును. పూత పూసిన కుండలో నీరు చల్లబడదు. అట్లే చెమట ఆరుటకు వీలులేని చోట మనిషియు చల్లబడడు. పసుపు ఉడికించు చోట ఆవిరి క్రమ్మియుండును గనుక చెమట కారునే గాని ఆరదు. అందుచే అంకెలలో వేడిమి తక్కువగా కనబడిన దినమున కూడ బాయిలరు వద్ద మనిషి కూలుట సంభవము.

ఎండలో కష్టించువాడు గంటకు ఒక లీటరు వరకు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు చెమటను కోల్పోవును. నీటితోపాటు ఉప్పును పోవును. దాహము వేసినప్పుడు త్రాగుదమని తలచిన నాటికే శరీరము లోటుబడియుండును. మొదట పిక్కలు, కడుపు కండరములు పట్టివేయును. పిమ్మట తలనొప్పి, కండ్లు తిరుగుట, వాంతి, నీరసము కలుగును. ఇంతవరకు నీడకు చేర్చి నీరు త్రాపినచో మనిషి కోలుకొనును. ఇది దాటి శరీరపు వేడిమి 40 డిగ్రీలను మించి, మాట తడబడుట, పేరడిగిన చెప్పలేకపోవుట, పిచ్చిగా ప్రవర్తించుట, తెలివి తప్పుట కనిపించినచో అది వడదెబ్బ. అప్పుడు మెదడు, మూత్రపిండములు, కాలేయము ఉడికిపోవుచున్నవని గ్రహింపవలెను. "చెమట పట్టియున్నది గదా, వడదెబ్బ కాదులే" యనుట పొరపాటు. వృద్ధులలో చర్మము పొడిగా నుండవచ్చును. పనిచేయుచు కూలినవానికి చెమట ధారలుగా కారుచునే యుండవచ్చును. గుర్తు మాట తడబాటే గాని చెమట కాదు.

ఆర్మూరు ప్రాంతములో ఎవరిని ముందుగా చూడవలెనో ఇప్పుడు తెలియగలదు. ఉడికించు చోటనున్నవారు, డ్రమ్ము త్రిప్పుచు ధూళి పీల్చువారు, యార్డులో బస్తాలు మోయు హమాలీలు, ఇటుకబట్టీలవారు - వీరి అపాయము కంటికి కనబడునదే. కనబడని అపాయము ఇండ్లలో నున్నది. ఈ జిల్లాలో బీడీలు చుట్టి బ్రతుకు స్త్రీలు అసంఖ్యాకులు. రేకుల కప్పు క్రింద, ఆకు ఎండిపోవునని పంకా వేయక, లెక్క పూర్తిగావలెనని మధ్యాహ్నమంతయు చాటముందు కూర్చుందురు. ఎండలో తిరుగుటలేదు గనుక తమకు భయము లేదని వారి నమ్మకము. రేకు కప్పిన గది మధ్యాహ్నము మూడు గంటలకు బయటికన్న వేడిగా నుండును. రాత్రియు వేగముగా చల్లారదు. పగలు పడిన దెబ్బనుండి శరీరము రాత్రి నిద్రలో కోలుకొనవలెను. రాత్రియు ఉక్కపోసినచో రెండవనాటికి, మూడవనాటికి అపాయము పెరుగును.

మరియొక తరగతి వారు, కుమారులు దుబాయికో, మస్కటుకో, ఖతారుకో పోగా ఇంట మిగిలిన తల్లిదండ్రులు. ఇల్లు పెద్దది, డబ్బు నెలనెల వచ్చును, మంచినీళ్లు ముంచి యిచ్చువారు లేరు. వయసు మీరినవారికి దాహము సరిగా తెలియదు. రక్తపోటునకు మూత్రము జారీచేయు మాత్రలు వాడువారికి నీరు మరింత త్వరగా తరుగును. కల్లు అలవాటున్నవారిని గూర్చి కూడ చెప్పవలసియున్నది. మత్తు పానీయము నీటిలోటును తీర్చదు, పెంచును. అందు మత్తుమందు కలిసినచో తనకేమగుచున్నదో తెలిసికొను శక్తియు పోవును. తుదకు, వేసవి తొలి వడగాడ్పునకును, బయటి ప్రాంతములనుండి క్రొత్తగా వచ్చిన కూలీలకును ప్రత్యేక శ్రద్ధ కావలెను. శరీరము ఎండకు అలవాటు పడుటకు ఒకటి రెండు వారములు పట్టును. మొదటిదినమే పూర్తిపని చేయించుట ప్రాణాంతకము.

పనివేళల ప్రశ్న కష్టమైనది. నీరు త్రాగుడనుట సులభము; మధ్యాహ్నము పని ఆపుడనుట సులభము కాదు. పని ఆగినచో కూలి ఆగునని కూలివాని భయము. అద్దెకు తెచ్చిన బాయిలరు గంటలు వృథాయగునని రైతు భయము. ఇరువురి భయమును న్యాయమైనదే. గల్ఫునకు పోయివచ్చిన మనవారిని అడిగి చూడుడు. ఐక్య అరబ్బు ఎమిరేట్సులో జూను 15 నుండి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నము 12.30 మొదలు 3 గంటల వరకు ఎండలో పనిచేయించుట చట్టవిరుద్ధము. ఖతారులో 2021 నుండి వేసవిలో ఉదయము 10 గంటలకే ఆరుబయటి పని ఆపి 3.30కు గాని మరల మొదలుపెట్టరాదు. అక్కడ ఎత్తైన కట్టడములు ఆగిపోలేదు. పనిని తెల్లవారుజామునకు, సాయంత్రమునకు జరిపికొనిరి. పసుపు ఉడికించుట వేకువనుగాని, ప్రొద్దు వాలిన పిమ్మటగాని జరుపవచ్చును. కల్లములో తిరుగబోయుట ఉదయము పదింటి లోపల ముగింపవచ్చును. మధ్యాహ్నపు ఎండలో కొమ్ము తానే యెండును, దాని ప్రక్కన మనిషి నిలువనక్కరలేదు. ఇది ఒక్కొక్క రైతు ఒంటరిగా చేయలేనిది. ఊరంతయు ఒకేమాట మీద నిలిచిననే సాగును; కూలి తగ్గదను హామీయు ఆ మాటలోనే యుండవలెను. ఈ ప్రాంతమున గ్రామాభివృద్ధి కమిటీల మాట ఎంత చెల్లునో అందరికి తెలిసినదే. జరిమానాలు వేయుటలో కొన్నిచోట్ల కనబడు పట్టుదల ఈ పనివేళల విషయమున కనబడినచో ఎంతయో బాగుండును. ఉపాధి హామీ పనులకైతే వాదమే లేదు. పనిచోట త్రాగునీరు, నీడ, ప్రథమ చికిత్సపెట్టె ఉండవలెనని 2005 నాటి చట్టములోనే విధించిరి.

నారింజరంగు సూచన వచ్చిన సాయంకాలము పంచాయతీ ఏమి చేయవలెను? దండోరా వేయింపవలెను, గుడి, మసీదుల మైకులనుండి చెప్పింపవలెను. "రేపు ఎండ ఎక్కువ, జాగ్రత్త" అనిన చాలదు. ఏయే గంటలలో బయటికి రారాదో, చలివేంద్రము ఎచటనున్నదో, ఎవరికి ఫోను చేయవలెనో స్పష్టముగా చెప్పింపవలెను. ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ ఉపాధ్యాయిని, వార్డు సభ్యుడు కలిసి తమ వార్డులో ఒంటరిగా నున్న వృద్ధుల పట్టిక వ్రాసికొని, దినమునకు రెండుమారులు, అందు ఒకటి మధ్యాహ్నము మూడు నాలుగు గంటల మధ్య, ఆ యిండ్ల తలుపు తట్టవలెను. పంచాయతీ ట్యాంకరు మొక్కలకు నీరుపోయుటకే కాదు. కల్లముల వద్దకును పంపవచ్చును. బడికి సెలవులైనచో దాని వరండాను నీడపట్టుగా తెరవవచ్చును. చలివేంద్రమున నాలుగు రంజన్లు పెట్టి, ప్రారంభోత్సవపు ఫొటో తీయించి, మూడవనాడు ఎండిన రంజన్లను విడిచిపోవుట కంటె అసలు పెట్టకుండుటే మేలు. దానిని నమ్మి నడచివచ్చినవాడు దప్పికతో పడిపోవును. నీరు నింపు బాధ్యత ఒక మనిషికి పేరుపెట్టి యప్పగింపవలెను. రేకుల కప్పులపై సున్నము కొట్టుట కూడ మంచి యుపాయము. తెల్లని కప్పు ఎండను త్రిప్పికొట్టును. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పుల విధానమును ప్రకటించినది. గ్రామమున దానికి సున్నపు బక్కెట్టు, చీపురు చాలును.

త్రాగుటకు నీటితో పాటు చల్ల, జొన్న అంబలి, ఉప్పు వేసిన నిమ్మరసము మిక్కిలి మంచివి. చక్కెర, ఉప్పు కలిసిన ఓ.ఆర్‌.ఎస్‌. పొట్లము ఉన్నచో ఒక పొట్లమును సరిగా ఒక లీటరు నీటిలో కలుపవలెను. సగము నీటిలో కలిపినచో మేలుకు బదులు కీడు కలుగును. పొట్లము లేనిచో లీటరు నీటికి తలకొట్టిన ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. ఈ సామాన్య ద్రవము విలువను చాటినది మన దేశపు వైద్యుడే. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరమున కలరా చెలరేగి సెలైను సీసాలు తరిగిపోగా, డాక్టరు దిలీప్ మహలనబీసు దీనిని డ్రమ్ములలో కలిపి బంధువులచేతనే రోగులకు త్రాపించెను. నూటికి ముప్పది వరకున్న మరణములు నాలుగింటి లోపునకు తగ్గెను.

మనిషి కూలినప్పుడు మొదటి అరగంట అమూల్యమైనది. బండి కొరకు ఎదురుచూచుచు చేతులు కట్టుకొని నిలువరాదు. ముందు చల్లార్చుట, తరువాత తరలించుట. నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒడలంతయు నీరు ధారగా పోయవలెను. తడిగుడ్డ కప్పి విసరవలెను. మంచుగడ్డ దొరకినచో మెడ, చంకలు, గజ్జలలో నుంచవలెను. తెలివిలేనివాని నోట నీరుగాని మరేదిగాని పోయరాదు, అది ఊపిరితిత్తులలోనికి పోవును. అతనిని ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టవలెను. జ్వరపు మాత్ర ఈ వేడిమికి పనిచేయదు. జేబులో ఉల్లిగడ్డ పెట్టుకొనినచో ఎండ తగులదను నమ్మకమును గూర్చి మేము వాదింపము. ఉల్లిగడ్డను జేబులో ఉంచికొనుడు, నీళ్లసీసాను చేతిలో ఉంచికొనుడు.

వేసవిలో నీటి కొరత తెచ్చు మరియొక చిక్కు ఉన్నది. కుళాయిలు విడిచి విడిచి వదలునప్పుడు గొట్టములో ఒత్తిడి తగ్గి, పగుళ్లగుండ మురుగు లోనికి పీల్చుకొనబడును. అతిసారము అందువలన పుట్టును. ట్యాంకులో వేయి లీటర్లకు 2.5 గ్రాముల మంచి బ్లీచింగు పొడి కలిపి, అరగంట ఆగిన పిమ్మటనే నీరు వదలవలెను. చివరి యింటి కుళాయివద్ద కూడ లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిను మిగిలియున్నదో లేదో పరీక్షింపవలెను. మొదటి యింట చూచి సంతోషించుట చాలదు. కూలర్లలో, తొట్లలో నిలిచిన నీటిని వారమున కొకసారి పారబోసి ఆరబెట్టినచో, వానలు రాకమునుపే డెంగ్యూ దోమ పెరుగుటను ఆపినట్లగును.

2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వము వడగాడ్పును రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, వడదెబ్బవలన మరణించినవారి కుటుంబమునకు 4 లక్షల రూపాయల సహాయమును నిర్ణయించినది. మరణకారణమును అధికారులు నిర్ధారించిననే ఈ సహాయము లభించును. అందుచే అట్టి మరణము జరిగినచో దహనమునకు ముందే తహసీలుదారునకు, పోలీసులకు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యాధికారికి తెలియజేయవలెను. దుఃఖములో నున్న కుటుంబమునకు ఈ సంగతి తోచదు. వార్డు సభ్యుడే చెప్పవలెను.

108 వాహనమును పిలుచునప్పుడు "పొలము దగ్గర" అనినచో డ్రైవరునకు త్రోవ దొరకదు. జాతీయ రహదారినుండి ఏ ప్రక్కకు మరలవలెనో, ఏ గుడి, ఏ చెరువుకట్ట, ఏ ట్రాన్స్‌ఫార్మరు గుర్తో చెప్పవలెను. ఒకరు రోడ్డుమీదికి వచ్చి నిలువవలెను. ప్రతి కల్లపు గుడిసె తలుపుమీద ఈ గుర్తులను, ఆ సంఖ్యను, ఆశా కార్యకర్త ఫోను సంఖ్యను సుద్దతో గాని రంగుతో గాని పసుపు త్రవ్వకము మొదలు కాకమునుపే వ్రాయించి యుంచుడు.